నాయబ్ సదర్ బండి ఎప్పుడూ వెనుకే

మా సదర్ ఒక్కనాడు కూడా వెనక్కి తిరిగి నన్ను చూడలేదు.

ఇది అన్యాయం. అప్పుడూ అన్యాయమే, ఇన్నేళ్ల తర్వాత ఈ అరుగు మీద కూర్చుని రాస్తున్నప్పుడూ అన్యాయమే. ముందు ఆ మాట రాసిపెట్టి తర్వాత సంగతులు చెప్తాను. సంగతులు మొదట చెప్తే మీరు నవ్వుతారు. నవ్వినవాళ్లకు అన్యాయం గుర్తుండదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా సందులో ఉండే ఆటో డ్రైవరొకడు వచ్చాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు. ఆటోల యూనియన్‌లో ఉపాధ్యక్షుడిగా ఎన్నుకున్నారట. గెలిచి వచ్చినవాడి మొహం మాత్రం ఓడిపోయినట్టుంది.

"తాతా, నువ్వు ఎనుకట బండ్ల సంఘంల నాయబ్ సదర్ ఉంటివంట గద. గా ఉపాధ్యక్షునికి ఏం పని ఉంటది?" అన్నాడు.

"మీ అధ్యక్షుడు ఏం చెప్పిండు?"

"ఏం చెప్పలే. ఫోటో దిగేటప్పుడు జర పక్కకు జరుగుమన్నడు."

"జరిగినవా?"

"జరిగిన."

"ఇగ పని మొదలైనట్టే" అన్నాను.

వాడు నవ్వలేదు. అందుకని వాడికోసమూ, వాడిలాంటి రెండో కుర్చీ వాళ్లందరికోసమూ రాస్తున్నాను. నేను బడికి పోయినవాణ్ణి కాదు. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి. అక్షరాలు ఎట్లా నేర్చుకున్నానో కూడా ఇందులోనే వస్తుంది.

మనుషుల పేర్లు రాయను. కొందరు పోయారు, కొందరి మనవలు ఇదే ఊళ్లో ఉన్నారు. ఎద్దుల పేర్లు మాత్రం రాస్తాను. అవి పరువునష్టం దావా వేయవు.

అప్పట్లో మెదక్‌కు ఏ సరుకు రావాలన్నా, ఇక్కడినుంచి ఏది పోవాలన్నా అక్కన్నపేట రైలు స్టేషనే దిక్కు. స్టేషన్‌కూ మన గంజుకూ, అంటే మార్కెట్‌కూ, మధ్య ఎడ్లబండ్లు. ఒంటరి బండి సడుగు మీద, అంటే రోడ్డు మీద, కనపడితే చాలు, ఏ అధికారి మనిషో ఆపేవాడు. దొరవారి సామాను మోయమనేవాడు. కూలీ లేదు, ఎద్దులకు ఇంత గడ్డి కూడా లేదు. ఎద్దులు తిరిగి వస్తే నీ అదృష్టం. బండివాడికి ఎద్దులు పోతే చేతులు పోయినట్టే.

అందుకని పుట్టింది మా సంఘం. ఒక్కటే నియమం. ఏ బండీ ఒంటరిగా పోదు. అన్నీ ఒకే వరుసలో పోవాలి, పోయినవన్నీ ఇంటికి రావాలి. ఒక బండిని ఆపి గద్దించే మొగాడు ఇరవై ముప్పై బండ్లు ఒక్కసారి ఆగితే కొంచెం మర్యాదగా మాట్లాడతాడు.

వరుసకు ముందు బండి సదర్‌ది. అంటే అధ్యక్షుడు. ఆఖరి బండి నాయబ్ సదర్‌ది. అంటే నేను.

నన్ను ఎన్నుకున్నారంటే గొప్పగా అనుకోకండి. సంఘం పెట్టిన రోజు ప్రతి మాటకూ అడ్డం పడ్డవాణ్ణి నేనే. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడైన సదర్ అంతా విని, "వీన్ని నాయబ్ చేద్దాం. గింత నోరున్నోడు సంఘం బయట ఉంటె మనకు నిద్ర పట్టది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఆఖరి బండి అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు.

ఆఖరి బండి అంటే దుమ్ము. ముందు పోయే బండ్లన్నీ లేపిన దుమ్ము మొత్తం నాదే. సాయంత్రం ఇంటికి వచ్చి నిలబడితే మా ఇంటామె గడపలోనే ఆపేసేది. "అందరిండ్లకు మొగోళ్లు వస్తరు. మా ఇంటికి సడుగే వస్తది" అని నెత్తిమీద నీళ్లు కుమ్మరించేది. చుట్టాల ముందు కూడా, "మా ఆయన పెద్ద నౌకరే చేస్తుండు, దుమ్ము తినే నౌకరి" అని పరిచయం చేసేది.

నా బండిలో సగం చోటు సంఘం సామానుకే పోయేది. విడి చక్రం ఒకటి, ఇరుసు ఒకటి, మోకులు, కందెన డబ్బా. ఎవరి బస్తా జారినా ఎత్తేది నేను. ఎవరి ఎద్దు కుంటినా చూసేది నేను. వీటికంటే బరువైన సామాను ఇంకొకటి ఉండేది. సదర్‌ను తిట్టాలనుకున్నవాళ్లంతా బండి నెమ్మది చేసి వెనక్కి, నా దగ్గరికే వచ్చేవాళ్లు. సదర్ మొహం మీద తిట్టే ధైర్యం ఎవరికీ లేదు. "గట్ల ఉరికిస్తె ఎడ్లు బతుకుతయా?", "ఆయన ఆకలైతేనే ఆపుతడు, మా కడుపులు కడుపులు కావా?" ఇట్లా. నేను అన్నీ విని సదర్‌కు సగమే చెప్పేవాణ్ణి. సదర్ జవాబులో సగమే వాళ్లకు చెప్పేవాణ్ణి. ఆ మిగిలిన రెండు సగాలూ నా కడుపులోనే ఉండిపోయాయి. సంఘం నిలబడింది అందుకేనని నా అభిప్రాయం. దీనికి ఎవరూ శాలువా కప్పరు.

నా ముందు బండి ఒక ముసలి సాయిబుది. అందరం చాచా అనేవాళ్లం. ఎర్రగా గోరింటాకు పెట్టిన గడ్డం, పాత టోపీ. ఆయన బండి తోకకూ నా ఎద్దుల మూతులకూ మధ్య జానెడు సందు ఉండేది కాదు. నా ఎద్దులు రెండు. ఒకటి నల్లోడు, ఒకటి మైలోడు. అవి చాచా బస్తాల సందుల్లోంచి గడ్డి పీక్కుంటూ నడిచేవి. నేను ఆ బస్తాల మీద అక్షరాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. చక్కెర బస్తా మీద ఒక లిపి, సిమెంటు బస్తా మీద ఒకటి, ఉప్పు బస్తా మీద ఇంకొకటి. స్టేషన్ గుమాస్తాను సతాయించి ఏది ఏ అక్షరమో కనుక్కునేవాణ్ణి. తెలుగు, ఉర్దూ, కొంచెం ఇంగ్లీషు నాకు బస్తాల మీదనే వచ్చాయి. అందుకే ఇప్పటికీ నా చేతిరాత లావుగా ఉంటుంది.

ఇక సదర్. ఆయన ముందు బండి మీద నిటారుగా కూర్చునేవాడు. వీపు తప్ప ఆయనలో ఇంకేమీ మాకు కనపడేది కాదు. ఒకసారి నడుమ బండికి చక్రం విరిగింది. "ఆపుమను" అని నేను కేక వేస్తే బండి నుంచి బండికి ఆ మాట ముందుకు పోయింది. సదర్ చెయ్యెత్తి వరుసను ఆపాడు. నేను నా బండిలోని విడి చక్రం దొర్లించుకుంటూ పోయి, ఎక్కించి, చెమటలు కక్కుకుంటూ తిరిగి వచ్చాను. అంతసేపూ ఆయన చుట్ట కాల్చుకుంటూ ముందుకే చూస్తున్నాడు. ఏమైంది, ఎవరికైంది, ఏమీ లేదు. "అయింది" అన్న మాట తనదాకా చేరగానే ఎద్దులను అదిలించాడు. ఆ వీపు మీద నాకు ఎంత కోపం ఉండేదో రాయడానికి బస్తాల మీద నేర్చుకున్న భాష చాలదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

పోలీసు చర్య రోజులు. దానికి ముందు ఏడాదంతా భయమే. ఒక పక్క పల్లెల్లో సాయుధ పోరాటం అనే మాట, ఒక పక్క రజాకార్లు, నడుమ బండ్లవాళ్లం. ఇండియన్ యూనియన్ మిలిట్రీ సరిహద్దు దాటిందని గుసగుసలు వస్తున్నాయి గాని ఎంతవరకు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ పొద్దున మాకు హుకుం వచ్చింది. శంకరంపేట వైపు పల్లెల నుంచి రైతుల దగ్గర వసూలు చేసిన లెవీ గల్లా, అంటే ధాన్యం, గోదాములో ఉంది, దాన్ని మొత్తం స్టేషన్‌కు చేర్చాలి. ఊళ్లో జొన్నలు దొరక్క జనం అల్లాడుతుంటే, ఉన్న జొన్నలు రైలెక్కించాలట. తోడుగా తుపాకులతో ఇద్దరు సిపాయిలు. వాళ్లు సదర్ బండిలో బస్తాల మీద ఎక్కి కూర్చున్నారు.

ముందురోజు వాన పడింది. ఆ ఒక్కరోజు నాకు దుమ్ము లేదు. అదే సంతోషం అనుకుని బయల్దేరాను.

సగం దూరం పోయాక సడుగు ఒకచోట ఇరుకవుతుంది. రెండు పక్కలా వరిమళ్లు, నిండా నీళ్లు. బండి పక్కన ఇంకో బండి పట్టదు. చక్రం అంచు దాటితే ఇరుసు దాకా దిగిపోతుంది. వరుసంతా ఆ ఇరుకులోకి వచ్చాక ముందు ఆగిపోయింది. స్టేషన్ వైపు నుంచి రైలుపట్టాల పని చేసే మనిషొకడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. వాడు సదర్‌తో అన్న మాటలు బండి బండికీ అందుకుంటూ నా దాకా వచ్చాయి.

"టేషన్ కాడ రజాకార్లు కనవడ్డ బండినల్ల పట్టుకుంటుండ్రంట. సామాన్లు ఏసుకొని పారిపోతుండ్రు. పోయిన ఎడ్లు మల్ల రావంట. అటుదిక్కు నుంచి మిలిట్రీ వస్తున్నదంట."

ఆ మాట నా దాకా రాకముందే సిపాయిలిద్దరూ బండి దిగి మళ్లకు అడ్డం పడి పారిపోయారు. ఒకడి టోపీ సడుగు మీదనే ఉండిపోయింది. ఏమైందో చూద్దామని ముందుదాకా పోయిన చాచా ఆ టోపీని చేతి కర్రతో ఎత్తి పట్టుకుని, "భాయ్, సర్కారును మర్చిపోయి పోతున్నవ్" అని కేకేశాడట. అంత భయంలోనూ నవ్వు వరుసంతా పాకింది.

తర్వాత సదర్ నుంచి మాట వచ్చింది. ఒకటే మాట. తిరిగి వచ్చిన చాచా నాకు అందించాడు.

"తిప్పుమంటుండు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఎటు తీస్కపోవాలె? గల్ల యాడ దించాలె? ఎవరన్న అడిగితె ఏం చెప్పాలె?"

"తిప్పుమన్నడు, గంతే. ముందు తిప్పు బేటా, తర్వాత తిట్టు."

ఇరుకు సడుగు మీద వరుసను తిప్పాలంటే బండిని ఉన్నచోటే తిప్పాలి. ఎద్దులను విప్పాం. నలుగురు నలుగురు కలిసి కాడిని భుజాల మీదికెత్తుకుని, మోకాలి లోతు మడిలో దిగి, ఒక్కొక్క బండినే వెనక్కి మళ్లించాం. గస పోసుకుంటూ మళ్లీ ఎద్దులను కట్టాం. అప్పుడు తల ఎత్తి చూస్తే నా ముందు బండి లేదు. ఖాళీ సడుగు, దూరంగా మెదక్ కిల్లా గుట్ట. అంతే. వరుస తిరిగితే ఆఖరి బండే ముందు బండి. ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. సదర్‌కు తట్టిందో లేదో, అప్పుడు అడిగే వీలు లేదు. ఆయన ఇప్పుడు అందరికంటే వెనుక, రజాకార్లకు అందరికంటే దగ్గర.

"హై" అన్నాను. ఎద్దులు కదలలేదు.

కర్ర చూపించాను. తోక మెలిపెట్టాను. నల్లోడు నన్ను చూశాడు, మైలోడు చాచా బండి ఎటు పోయిందా అని పక్కకు చూశాడు. అవి కొన్న రోజు నుంచి వరుస చివరనే నడిచినవి. వాటి లెక్కన సడుగంటే ముందు బండి తోక. తోక లేని సడుగు వాటికి సడుగే కాదు. చాచా బండిని నా ముందుకు తెద్దామంటే పక్కన జాగా లేదు. వెనుకనుంచి అరుపులు మొదలయ్యాయి.

"ఏమాయె ముందల?"

"నాయబ్ సాబ్ ఎడ్లకు సదర్ కావాల్నంట."

"ఎడ్లకే ఉన్నది బుద్ధి, మనకు లేదు."

చాచా దిగి వచ్చాడు. నా ఎద్దుల మొహాలు చూశాడు, నన్ను చూశాడు. "బేటా, వీటికి తోక కావాలె. నువ్వే తోకవై నడువ్" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెద్ద గడ్డిమోపు తీసి నా వీపుకు మోకుతో బిగించి కట్టాడు. "ఇగ నడువ్."

నడిచాను. మైలోడు మెడ చాచి నా వీపు మీద గడ్డి అందుకున్నాడు. ఇంకో అడుగు వేశాను. ఎద్దులు కదిలాయి. బండి కదిలింది. ఒక్కొక్కటే వరుసంతా కదిలింది. మెదక్ బండ్ల సంఘం నాయబ్ సదర్, వీపుకు గడ్డి కట్టుకుని, జీతగాడిలా తన ఎద్దుల ముందు తానే నడుచుకుంటూ బండ్లన్నింటినీ ఇంటికి తీసుకుపోతున్నాడు. వెనుక ఎవడో పాట అందుకున్నాడు, పెళ్లికొడుకును పిలుచుకొచ్చే పాట. ప్రాణాల మీదికి వచ్చిన పూట అంతగా నవ్వుతారని నేనెప్పుడూ అనుకోలేదు.

నేను మాత్రం నవ్వలేదు. ముందు నడిచేవాడికి వెనుక ఏం జరుగుతుందో కనపడదని నాకు అప్పుడే తెలిసింది. అందరూ వస్తున్నారా? ఎవరి ఇరుసైనా విరిగిందా? సదర్ ఉన్నాడా? ఆగి తిరిగి చూసేవాణ్ణి. నేను ఆగితే ఎద్దులు ఆగేవి, ఎద్దులు ఆగితే వరుస ఆగేది. మలుపు దగ్గర ఆగాను. మోరీ దగ్గర ఆగాను. వరుస పొడుగుకు సదర్ బండి నాకు కనపడనే లేదు.

వెనుకనుంచి మాట వచ్చింది. "సదర్ అడుగుతుండు, ముందటోడు ఎందుకు ఆగుతుండు అని."

"ఎనుకకు చూస్తుండు అని చెప్పు."

కొంతసేపటికి జవాబు వచ్చింది. "ముందట చూడుమంటుండు."

ఇంత కోపం వచ్చింది నాకు. అయినా ఇంకో రెండుసార్లు చూశాను.

పొద్దు వాలుతుండగా ఊరి మొదటి ఇళ్లు వచ్చాయి. ఏదో తేడాగా ఉంది. అన్నాళ్లూ మూసి ఉన్న తలుపులు తెరిచి ఉన్నాయి. ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరో జెండా పట్టుకుని పరుగెత్తుతున్నారు. నిజాం లొంగిపోయాడని రేడియోలో వచ్చిందట. మాకేం తెలుసు? మేం బురదలో ఉన్నాం.

ఊరి మొగదల కొందరు కుర్రకారు కట్టెలు పట్టుకుని సడుగుకు అడ్డం నిలబడ్డారు. ఏడాదిపాటు మింగిన భయమంతా ఆ పూట కోపమై పైకి వచ్చింది వాళ్లకు. ఒకడు నా బండి దాటి చూసి, "గా రెండో బండి ఎవలిది?" అన్నాడు. చాచా గడ్డం, టోపీ కనపడుతూనే ఉన్నాయి. ఎవలిదో తెలిసే అడిగాడు.

అలవాటుగా వెనక్కి చూశాను. సదర్ లేడు. వరుస మలుపు అవతల ఎక్కడో ఉన్నాడు. ఆయన ఉంటే ఏమనేవాడో ఆలోచించే తీరిక కూడా లేదు.

"మా సంఘపోనిది" అన్నాను.

"ఆయన రజాకారు కాదని నీకెట్ల ఎర్క?"

"ఇన్నేండ్ల సంది ఆయన బండి తోక చూసుకుంట బతికిన. నాకు గాకపోతె ఎవలికి ఎర్క? పోయిన బండ్లన్ని ఇంటికి రావాలె. అది మా సదర్ మాట."

"యాడున్నడు మీ సదర్?"

"ఎనుక వస్తుండు. ఆయన వచ్చేదాక ఆయన మాట నాదే. పక్కకు జరుగుండ్రి, బండ్లల్ల జొన్నలున్నయి, మీ ఊరికే."

వాడు జరగలేదు. నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "గా వీపు మీద గడ్డి ఏంది?" అన్నాడు.

నేను చెప్పేలోపు చాచా బండి మీది నుంచే అన్నాడు. "మా నాయబ్ సాబ్‌కు తొవ్వల ఆకలైతది బిడ్డా. సద్ది కట్టుకొని వచ్చిండు."

సరిగ్గా అప్పుడే మైలోడు ముందుకు వంగి నా వీపు మీద ఇంకొక కుచ్చు లాగాడు. ఒకడు కిసుక్కున నవ్వాడు. తర్వాత ఇంకొకడు. నవ్వుతూ ఎవడూ కట్టె ఎత్తలేడు. అది మనిషి చేతగానితనమో మంచితనమో నాకు తెలియదు గాని, నమ్మదగినదే. కట్టెలు కిందికి దిగాయి. దారికి అడ్డం నిలబడి అడిగినవాడే చాచా ఎద్దు ముకుతాడు పట్టుకుని ఊళ్లోకి నడిపించాడు.

గల్లా గోదాముకు తోలలేదు. తిన్నగా గంజుకు తోలి అందరి ముందు దింపించాను. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. మర్నాడు వాడవాడకూ పంచారు. మా బజారులో ఆ వారమంతా జొన్న గటక వాసనే.

గంజులో ఎవరో బంతిపూల దండ తెచ్చారు. దండ వరుసలో ముందున్నవాడికి వేయడం రివాజు. నా మెడలో వేశారు. నిజం చెప్తున్నాను, ఛాతీ ఇంత వెడల్పయింది. అంతలో మైలోడు వెనుకనుంచి నోరు పెట్టి ఒక్క గుంజు గుంజాడు. సగం దండ నమిలాక గాని జనం చూడలేదు. నా జీవితంలో నాకు పడిన ఒకే ఒక దండ అది. ఎద్దు తిన్నది.

అప్పుడు వచ్చాడు సదర్. నడుము దాకా బురద, చెంప మీద వాచిన దెబ్బ. బండి లేదు. ఎద్దులను చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు. ఆయన ముందు బండివాడు సంగతి చెప్పాడు. రజాకార్ల లారీ ఒకటి వరుస వెంట పడిందట. సదర్ అది చూసి, చక్రం ఊడకుండా ఇరుసుకు పెట్టే శీలను పీకి నడుములో దోపుకున్నాడు. చక్రం ఊడి విరిగింది, బండి సడుగుకు అడ్డంగా కూలబడింది. "గిర్ర ఊడింది సాబ్, జర ఎత్తుండ్రి" అని తలకాయ పట్టుకుని కూర్చున్నాడట. వాళ్లు తిట్టారు, కొట్టారు. పక్కన లారీ దిగే దారి లేదు. చివరికి వెనక్కి పోయారు. అంతలో వరుస ఊరు చేరింది. విడి చక్రం ఉన్నది నా బండిలో, నా బండి ఉన్నది అందరికంటే ముందు. అందుకే ఆయన నడిచి రావలసి వచ్చింది. పోయిన బండ్లన్నీ రావాలని నియమం పెట్టినవాడే తన బండిని వదిలి వచ్చాడు. మర్నాడు పోయి ఇద్దరం తెచ్చాం లెండి.

జనం ఆయనను భుజాల మీదికెత్తుకున్నారు. ఇంకొక దండ దొరికింది. ఎద్దులకు అందనంత ఎత్తులో వేశారు. ఆ గుంపు నా పక్కనుంచే పోయింది. ఇప్పుడైనా చూస్తాడనుకున్నాను. వీపే కనపడింది. ఆ వీపునే చూస్తూ గడ్డిమోపు విప్పుకుని ఇంటికి పోయాను. మా ఇంటామె గడపలోనే ఆపింది. "ఇయ్యాల సడుగు రాలె, గడ్డివాము వచ్చింది" అంది. అని, లోపలికి పోయి ఉన్న నెయ్యంతా నా గటకలోనే వేసింది.

తర్వాత కూడా చాలా ఏళ్లు వరుస నడిచింది. ఆయన ముందు, నేను వెనుక, నా ముందు చాచా. ఆ రోజు గురించి సదర్ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. గల్లా గంజులో ఎందుకు దించావని కూడా అడగలేదు. లారీలు వచ్చాయి, బండ్లు తగ్గాయి, ఒకరోజు వరుస లేదు. చాచా తన గడ్డం తెల్లబడకుండానే, అంటే గోరింటాకు మానకుండానే, నిండుగా బతికి పోయాడు. నేను లారీ ఆఫీసులో సరుకు ఎక్కించే మేస్త్రీ పని చేసి దిగిపోయాను. ఆ ఒక్క ప్రశ్న మాత్రం గొంతులో దుమ్ములా ఉండిపోయింది.

చాలా కాలం తర్వాత సదర్‌కు కళ్ల ఆపరేషన్ అయిందని తెలిసి దవాఖానకు పోయాను. మంచం మీద అదే నిటారు వీపు. కళ్లకు ఆకుపచ్చ గుడ్డ. తలాపు వైపు నిలబడి దగ్గాను.

"నువ్వా తమ్మి? దగ్గుతోటే ఎర్కయింది. ఇంక పోలేదా గా దుమ్ము?"

"నువ్వు లేపిన దుమ్మే అన్నా, యాడికి పోతది?"

"ఎనుక నిలవడ్డవేంది, ముందటికి వచ్చి కూసో."

కూర్చున్నాను. అరటిపండు ఒలిచి చేతికిచ్చాను. తింటున్నాడు. ఇప్పుడు అడగకపోతే ఇక లేదనిపించింది.

"అన్నా, ఒక మాట అడుగుత, గుస్స గావద్దు."

"నువ్వు అడగకుంటెనే నాకు పరేషాన్. అడుగు."

"అన్నేండ్లు నీ ఎనుక నడిచిన. ఒక్కనాడన్న తిరిగి నా దిక్కు ఎందుకు చూడలే?"

ఆయన పండు నమలడం ఆపాడు. గుడ్డ కట్టిన కళ్లతోనే మొహం నా వైపు తిప్పాడు. అన్నేళ్లలో మొదటిసారి. తర్వాత ఈ మాటలన్నాడు, ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"గా దినం నేను ఎనుకుంటె నువ్వు ఆగుడు, చూసుడు. మల్ల ఆగుడు, మల్ల చూసుడు. ఎనుక నేనున్న గదరా, వీనికి నా మీద గింత గూడ నమ్మకం లేదా అని నాకు మస్తు గుస్సొచ్చింది. కని నిన్ను అడిగిన్నా? అడగలే. ఇగ నా సంగతంటవా, ఎనుక నువ్వుంటివి తమ్మి. నేను ఎనుకకు మల్లి చూసుడెందుకు?"